రాజరత్నం సారు గోడమీది నీడ

చెన్నకేశవులు పొద్దున లేవగానే మొదట రాళ్లను తట్టేవాడు. మొహం కడుక్కునేది ఆ తర్వాతే. కొట్టంలో వరసగా నిలబెట్టిన నల్లరాళ్లను చిన్న సుత్తితో ఒక్కొక్క దెబ్బ కొట్టి, తల వంచి వినేవాడు. గంట మాదిరి మోగిన రాయి దేవుడికి, కంచుపళ్లెం మాదిరి మోగింది అమ్మవారికి, మోగకుండా మొద్దుగా పలికింది పీఠానికీ గడపకూ. తాత నేర్పిన లెక్క అది. అయితే తాత ఒక్కసారి తట్టి వదిలేసేవాడు. చెన్నకేశవులుకు అంత నమ్మకం లేదు. నిన్న మోగిన రాయికి రాత్రికి రాత్రి లోపల వెంట్రుకంత చీలిక పట్టి ఉంటే? అందుకని దినమూ తట్టేవాడు.

"ఏమంటాందిరా రాయి?" అని వాళ్లమ్మ నరసమ్మ వాకిట్లోనుంచి అడిగేది.

"బాగుండాదంట."

"నిన్న కూడా అదే గదా అనింది."

"నిన్నటిది నిన్నటికి."

కర్నూలు రాజధాని అయిన రెండో ఏడు. ఆళ్లగడ్డ మీదుగా నంద్యాలకు పోయే బస్సులు పెరిగినాయి. బస్సు లేపిన దుమ్ము వచ్చి కొట్టంలో సగం చెక్కిన దేవుళ్ల మీద పడేది. చెన్నకేశవులు భార్య భారతమ్మ పొద్దున ఒకసారి, మాపున ఒకసారి తడిగుడ్డతో వాళ్లందరి మొహాలు తుడిచేది. తుడిచి వంటింట్లోకి పోయేది. ఆమె నీడ మాత్రం కొట్టంలోనే ఉండిపోయేది.

ఆ సంగతి ఊరందరికీ తెలిసిందే. భారతమ్మ మనసు పెట్టి ఎక్కడన్నా కాసేపు కూర్చుంటే చాలు, ఆమె లేచిపోయినా నీడ లేచేది కాదు. దీపం పెట్టే వేళకు అదే వచ్చి కాళ్ల దగ్గర చేరేది. చిన్నప్పటినుంచీ అంతే. కొందరికి జుట్టు రింగులు తిరుగుతుంది, కొందరిది ఎడమచేతి వాటం, భారతమ్మకు నీడ ఆలస్యం. పక్కింటివాళ్లు చంటిపిల్లను ఆమె నీడలో పడుకోబెట్టి నీళ్లకు పోయేవాళ్లు. నరసమ్మ ఒక్కతే సణిగేది.

"మేయ్, నీ నీడను ఈడ్నుంచి లేపు. వడియాలు ఎండక సస్తాండాయి."

"నా మాట వింటాదా అది? వడియాలనే ఆపక్కకు జరుపు అత్తా."

నరసమ్మ ఆమెకు మేనత్తే. చెన్నకేశవులు బావ. పెళ్లయిన కొత్తలో ఆ నీడ పొద్దస్తమానం కొట్టంలోనే ఉండేది. ఎండ ఎటు తిరిగినా అతని భుజం మీద చల్లగా ఆనుకొని ఉండేది. ఎంత చల్లగా అంటే, మండువేసవిలో కూడా అతనికి చెమట పట్టేది కాదు. యశోద పుట్టినాక అది ఉయ్యాల దగ్గరికి మారింది. బిడ్డ పెరిగితే మళ్లీ వస్తుందిలే అనుకున్నాడు చెన్నకేశవులు. బిడ్డ పెరిగింది, చదువుతానంది. నంద్యాలలో భారతమ్మ పిన్నమ్మ రాములమ్మ ఇంట్లో ఉండి ఆడపిల్లల హైస్కూల్లో చదువుతాంది. ఇప్పుడు నీడ కొట్టంలోకి వచ్చినా, గడప దగ్గర నంద్యాల రోడ్డు వైపు మొహం పెట్టి కూర్చుంటుంది.

యశోదను నంద్యాలకు పంపిన దినం నరసమ్మ ఒక మాట తీసుకుంది. "పెద్దమనిషి అయ్యేదాకా చదవనీ. అయిన దినమే బడి చాలు. ఇంటికి తెచ్చి కూర్చోబెట్టాల, సంబంధం చూడాల." చెన్నకేశవులు తాతల నాటి ఉలి మీద చెయ్యి వేసి సరేనన్నాడు. మాట తప్పే మనిషి కాదు. ఒప్పుకున్న విగ్రహం ఒక్క దినం ఆలస్యమైతే రెండు పూటలు తిండి మానేసేవాడు.

ప్రతి శనివారం భారతమ్మ రొట్టెలూ చెనక్కాయల పొడీ మూటగట్టుకొని పొద్దున బస్సుకు పోయి, మాపటి బస్సుకు వచ్చేది. ఆ మాఘమాసం పోయి ఫాల్గుణం వచ్చినాక ఒక శనివారం అలాగే పోయింది, అలాగే వచ్చింది. దీపం పెట్టింది. నీడ రాలేదు.

"ఏందమ్మే, నీడను యాడ పెట్టొస్తివి?" అంది నరసమ్మ.

"బస్సులో మర్చిపోయినాలే అత్తా."

నరసమ్మ నవ్వింది. చెన్నకేశవులు నవ్వలేదు. బస్సులో మనసు పెట్టి కూర్చునేది ఏముంటుంది?

ఆదివారమూ రాలేదు. ఆ మధ్యాహ్నం భారతమ్మ నువ్వులు వేయించి, బెల్లం వేసి రోట్లో దంచింది. ఇల్లంతా వాసన. చెన్నకేశవులు పని ఆపి వచ్చి నిలబడినాడు.

"ఏం పండగ?"

"పాపకు పరీక్షలు గదా. బలానికి."

"పోయిన ఏడూ పరీక్షలు ఉండె. అప్పుడు దంచలేదే."

ఆమె రోట్లోంచి తల ఎత్తకుండా, "పోయిన ఏడు చిన్నది" అంది. ఉండలు డబ్బాలో పెట్టి, హార్మోనియం బాగుచేయించడానికి తెల్లారి నంద్యాలకు పోతున్న ఓబులేసు చేతికిచ్చి పంపింది. అతనికి ఒక్క ఉండ కూడా పెట్టలేదు. ఆ సంగతి అతను మనసులో రాసిపెట్టుకున్నాడు.

రాసిపెట్టుకోవడం చెన్నకేశవులు నాటకంలో నేర్చుకున్నాడు. ఆళ్లగడ్డ నాటక సమాజంలో ఇరవై ఏళ్లుగా అతనే రాజు. పాత కథ. రాజు యుద్ధం నుంచి తిరిగొస్తాడు. మంత్రి తోటలో రాణి కాలి అందె దొరుకుతుంది. రాజు దాన్ని పట్టుకొని నిండు సభలో రాణిని నిలదీస్తాడు. శరణు కోరిన శత్రువు బిడ్డను ఆమె ఆ తోటలో దాచింది. చెప్పనని మాట ఇచ్చింది. అందుకని నోరు విప్పదు. రాజు అడవికి పంపుతాడు. చివర్లో ఆకాశవాణి పలుకుతుంది, రాజు ఏడుస్తాడు, మంగళం పాడతారు. ఆకాశవాణి పలికేసరికి జనం సగం మంది లేచి పోయి ఉంటారు. వాళ్లు వచ్చేది నిలదీసే పద్యం కోసం. చెన్నకేశవులు అందె ఎత్తి ఆ పద్యం అందుకుంటే నేల మీద కూర్చున్న ఆడవాళ్లు కూడా "వన్స్ మోర్" అనేవాళ్లు.

సోమవారం మధ్యాహ్నం సమాజం వాళ్లు సత్రంలో పద్యాలు అనుకుంటుండగా ఓబులేసు బస్సు దిగి నేరుగా అక్కడికే వచ్చినాడు. మంత్రి వేషం అతనిదే, హార్మోనియమూ అతనిదే. పెట్టె దించి, చెమట తుడుచుకుంటూ,

"అన్నా, వదిన నీడ దొరికిందప్పా. నంద్యాలలో ఉండాది" అన్నాడు.

"యాడ?"

"మీ రాములమ్మ అత్త ఇంటి పక్కన డ్రాయింగు సారు లేడూ, రాజరత్నమని? ఆయన గోడమీద. బలే కూర్చోనుండాదిలే. సారు దాని చుట్టూ సుద్దముక్కతో గీత గీస్తాండె."

అందరూ ఘొల్లుమన్నారు. ఎవరో వెనకనుంచి, "రాజుకు అందె దొరికిందిరోయ్!" అని అరిచినారు. ఓబులేసు కూడా నవ్వుతూ హార్మోనియం తెరిచినాడు. అతనికి ఇందులో చెడ్డగా ఏమీ తోచలేదు. దారిలో తెలిసినవాళ్ల ఎద్దు కనిపిస్తే వచ్చి చెప్తాం, అలాగే చెప్పినాడు.

ఆ మధ్యాహ్నం చెన్నకేశవులు ఆ పద్యం అంతకుముందెన్నడూ పాడనట్టు పాడినాడు. రెండోసారి పాడమన్నారు. చేతిలో అందె లేకపోయినా చెయ్యి ఎత్తే పాడినాడు.

ఇంటికి పోయేసరికి భారతమ్మ దీపం వెలిగించి గూట్లో పెడుతోంది. గోడమీద నరసమ్మ నీడ పడింది, మంచంకోడు నీడ పడింది. భారతమ్మ నిలబడిన చోట గోడ తెల్లగా ఉంది.

"నీ నీడ యాడ?"

"చెప్తి గదా బావా. బస్సులో..."

"బస్సు దినమూ పోతాది, దినమూ వస్తాది. మూడు దినాల్నుంచి దిగలేదా అది?"

ఆమె పొయ్యి దగ్గరికి పోయి గంటె అందుకుంది.

"రాజరత్నం ఎవడు?"

"డ్రాయింగు సారు. పిన్నమ్మ ఇంటి పక్కన."

"వాని గోడమీద ఉండాదంట."

భారతమ్మ చేతిలో గంటె ఆగింది. "ఎవరు చెప్పినారు?"

లేదనలేదు. అబద్ధమనలేదు. ఎవరు చెప్పినారు అంది. నాటకంలో రాణి కూడా మొదట అదే అడుగుతుంది.

"ఎవరు చెప్తేనేం! ఉండాదా లేదా?"

"ఉంటే ఉంటాది. ఎండ యాడ పడేస్తే ఆడ పడతాది."

"ఊరోళ్లకు చెప్పు ఆ మాట. నీ నీడ ఎండకు పడేది కాదు. నీ మనసు యాడుంటే ఆడ ఉంటాది. నాకు తెల్దా? నా భుజం మీద మోయలేదా?" చెయ్యి తనకు తెలీకుండానే భుజం మీదికి పోయింది. దానికి అతనికే కోపం వచ్చింది. "ఎన్నేండ్లాయ అది నా పక్క కూర్చోని? నాకు లేని నీడ వానికెట్ల వచ్చె?"

భారతమ్మ అతని వైపు కొత్తగా చూసింది. నోరు తెరిచింది. ఆమె చూపు ఒకసారి మంచం మీది నరసమ్మ మీదికి పోయి వచ్చింది. తెరిచిన నోరు మూసుకుంది.

"బావా, పది దినాలు ఓర్చుకో. అదే వస్తాది. ఎందుకని మాత్రం అడగద్దు."

"పది దినాలా! గడువు పెట్టుకోనుండారా ఇద్దరూ?"

"నేను ఆ పొద్దే చెప్పినా, ఆడపిల్లకు నంద్యాల బడి ఎందుకురా అని" అంది నరసమ్మ మంచం మీదినుంచి. "బిడ్డ చదువేమో గానీ తల్లికి దారైపాయ."

అప్పుడు చెన్నకేశవులు ఆ మాట అన్నాడు. "వారం వారం నువ్వు మోసుకపోయే రొట్టెలు బిడ్డకు కాదు."

అంత మాట పడినా భారతమ్మ ఏడవలేదు. గంటె కడిగి బోర్లించింది.

"రేపు పొద్దున బస్సుకు పోతాండా. ఆ గోడ నా కండ్లతో చూస్తా. వచ్చేటప్పుడు యశోదను తీసుకొస్తా. బడీ వద్దు, నంద్యాలా వద్దు."

భారతమ్మ ఒక్క అంగలో వచ్చి అతనికి అడ్డం నిలబడింది. "నన్ను ఏమన్నా అనుకో. ఇంట్లోనుంచి పొమ్మను, పోతా. బిడ్డను ఇప్పుడు తేవద్దు బావా. ఈ పరీక్షలు రాయనీ. నీ కాళ్లు పట్టుకుంటా."

తన మీద నింద వేస్తే పట్టని మనిషి, బిడ్డను తెస్తానంటే కాళ్లు పట్టుకుంటాంది. బిడ్డ వచ్చేస్తే నంద్యాల దారి మూసుకుంటుంది గదా మరి, అనుకున్నాడు చెన్నకేశవులు. మంచి రాయికి కూడా చీలిక ఇలాగే బయటపడుతుంది. దెబ్బ ఎక్కడ వేస్తే వద్దంటుందో అక్కడ.

తెల్లారి బస్సులో కిటికీ పక్కన కూర్చున్నాడు. దారి పొడవునా ఒక్కొక్కటీ పేర్చుకున్నాడు. తనకు పెట్టని నువ్వుండలు. ఎవరు చెప్పినారన్న మాట. పది దినాల గడువు. నోరు తెరిచి మూయడం. అన్నీ సరిగ్గా కూర్చున్నాయి. ఇంత సరిగ్గా కూర్చున్నాయంటే అది నిజమే అయ్యుండాల అనుకున్నాడు. నంద్యాలలో దిగి సందులోకి తిరిగేటప్పటికి ఎండ ఇంకా తూర్పునే వాలి ఉంది. నోట్లో పద్యం సిద్ధంగా ఉంది.

రాజరత్నం ఇంటి ముందర పంపరపనస చెట్టుకు నీళ్లు పోస్తున్నాడు. నలభై ఏళ్లుంటాయి. తెల్లచొక్కా, నున్నగా దువ్విన క్రాపు. ముసలివాడై ఉంటే బాగుండునని చెన్నకేశవులు ఎక్కడో లోపల అనుకొని ఉన్నాడు. కాదు. చూడ్డానికి బాగున్నాడు.

"మీరు యశోద వాళ్ల నాయన కదూ?" అన్నాడు రాజరత్నం చెంబు దించి. "ఆ ముక్కు చూస్తేనే తెలుస్తుంది. రండి ఆచారిగారూ, మీకొకటి చూపించాల. మీరు చూస్తే బాగుంటుందని నిన్ననే అనుకున్నా."

తానే పిలిచి తీసుకుపోయినాడు. ఇంటికి తూర్పువైపు సున్నం కొట్టిన గోడ. దానిమీద భారతమ్మ. వెనక్కు ముడిచిన కొప్పు, ఎడమ భుజం మీదికి కాస్త వాలిన తల. పదహారేళ్లుగా వేయి విగ్రహాల్లో తాను దొంగతనంగా చెక్కుకున్న మెడ. దాని చుట్టూ సుద్దగీతలు, ఒకదాని కింద ఒకటి, ఐదో ఆరో. గీతగీతకూ పక్కన గంట ఎంతో రాసి ఉంది.

"ఎవరినడిగి గీసినావ్?"

"నీడే కదా ఆచారిగారూ..."

"నీడ కాదు. నా పెండ్లాం."

రాజరత్నం మొహంలో నవ్వు పోయింది. అతను లోపలికి పోయి తడిగుడ్డ తెచ్చి, గీతలు తుడవడం మొదలుపెట్టినాడు. "తప్పే. మనిషి లేకుండానే నీడ ఎండతోపాటు కిందికి ఎట్లా జారుతుందో బడిలో పిల్లలకు చెప్దామని గీసినా. ఆమె మొహం కూడా నేను సరిగ్గా ఎరగను. చెయ్యెత్తి దండం పెట్టి పోతుంది అంతే. ఆదివారం నుంచి పొద్దున వచ్చి పదికల్లా గోడ దిగిపోతుంది. ఎక్కడికి పోతుందో నేను చూడలేదు. చూడటం మర్యాద కాదని."

ఎక్కడికి పోతుంది?

చెన్నకేశవులు చెయ్యి పద్యంలో మాదిరి పైకి లేచి, అక్కడే ఆగింది. ఎక్కడినుంచి వస్తుందో అని తానెందుకు అనుకోలేదు? గోడమీద ఉన్నది తలా భుజాలే. నడుం గోడ మొదట్లో విరిగి నేల మీదికి దిగింది. శిల్పికి ఇది చేతిలో పని. నీడ తల ఎక్కడన్నా పడుతుంది, ఎవరి గోడమీదన్నా పడుతుంది. నీడ ఎవరిదో, ఎక్కడ ఉందో చెప్పేది పాదాలు. కొట్టంలో పని నేర్చుకునేవాళ్లకు ఇన్నేళ్లుగా చెప్పిన మొదటి పాఠం. ఓబులేసు తలను చూసి వచ్చి చెప్పినాడు. తాను తలను విని వచ్చినాడు.

అతను వంగి నేలను చూసుకుంటూ నడిచినాడు. నడుం సందు దాటింది. మోకాళ్లు ఆ పక్క కంపచెట్ల దడి మీదుగా పోయినాయి. దడి సందుల్లోంచి చూస్తే అది రాములమ్మ పెరడు. పెరట్లో ఒక మూల కట్టెల కొట్టం. కొట్టం తలుపు ముందరి అరుగు మీద, పొద్దుటి ఎండలో, పాదాలు రెండూ పక్కపక్కన ఆనించి నీడ కూర్చొని ఉంది.

పాదాల పక్కన గడపకు అడ్డంగా ఒక రోకలి పెట్టి ఉంది. దాని అవతల, తలుపు సందులో, కొత్త ఈతచాప అంచు. అరుగు చివర తను చూసిన డబ్బా. మూత తీసి ఉంది. నువ్వులూ బెల్లం వాసన దడి దాటి వచ్చింది.

చెన్నకేశవులు రెండడుగులు వెనక్కు వేసినాడు. అలా కూర్చోబెట్టిన బిడ్డను తండ్రి చూడకూడదు. పదకొండు దినాలు ఏ మగవాడూ చూడకూడదు. పక్కన ఒక ఆడమనిషి ఎప్పుడూ ఉండాలి, ఒంటరిగా వదలకూడదు. తల్లి ఉండాలి. తల్లి ఉంటే ఆళ్లగడ్డలో తెలిసిపోతుంది. తెలిసిన దినమే బడి చాలు.

లోపలినుంచి యశోద గొంతు వినిపించింది. పాఠం వల్లె వేస్తాంది. అదే రాజు, అదే రాణి, అదే అందె. కొంత చదివి ఆపింది.

"అమ్మా, ఈ రాజుకు బుద్ధి లేదమ్మా" అంది నీడతో. నీడ వింటున్నట్టు తల ఇంకొంచెం వంచింది. "ఆకాశం నుంచి పలికేదాకా ఎందుకు? ఆ తోటలో ఎవరుండారో ఒక్కసారి పోయి చూసుంటే సరిపోయేది గదా."

ఇంతలో రాములమ్మ పేడనీళ్ల తొట్టి వదిలేసి పరుగున వచ్చింది. దడి దగ్గర రెండు చేతులూ చాచి నిలబడింది. అరవై దాటిన మనిషి, ఒగరుస్తోంది.

"ఆడ్నే ఉండు అల్లుడా. లోపలికి రావద్దు. పాపకు... పాపకు అమ్మవారు పోసింది."

అమ్మవారి పేరు పలకగానే ఆమె చెంపలు వేసుకుంది. కన్నబిడ్డ మీద భారతమ్మ ఆ అబద్ధం ఆడలేదు. దానికన్నా తనమీద నింద పడనిచ్చింది.

చెన్నకేశవులు దడి తలుపు వైపు, ఇంటి చూరు వైపు చూసినాడు. రాములమ్మ చేతులు దించలేదు.

"అమ్మవారు పోస్తే వాకిలికి వేపాకు కట్టలేదేం అత్తా?" అన్నాడు.

రాములమ్మ మొహం పాలిపోయింది.

అతను పై పంచె నడుముకు బిగించి, సందు మొదట్లోని వేపచెట్టు దగ్గరికి పోయినాడు. పూతతో ఉన్న కొమ్మలు మూడు విరిచినాడు. ఒకటి రాములమ్మ తలవాకిలి చూరులో దోపినాడు. ఒకటి దడి తలుపుకు కట్టినాడు. మూడోది ఎక్కడ కట్టాలో తోచక పట్టుకొని నిలబడితే, రాజరత్నం తన గోడ దగ్గరినుంచి చూసి, ఏమీ అడగకుండా ఒక మేకు తెచ్చి ఇచ్చినాడు. దాన్ని ఆ గోడకే కొట్టినాడు. ఇంకెవరూ ఈ వైపు తొంగి చూడరు. అమ్మవారి పేరు పెట్టి ఆడిన అబద్ధం తనదీ అయింది. ఉలి మీద చేసిన బాస పోయింది. చెన్నకేశవులు కళ్లు మూసుకొని అమ్మవారికి చెప్పుకున్నాడు, ఏమన్నా చేస్తే నాకు చెయ్యి తల్లీ అని.

"ఎవరవ్వా ఆడ?" అని లోపలినుంచి యశోద అరిచింది.

"ఎవరూ లేరులేమ్మా. వేపాకు కోసేటాయన" అంది రాములమ్మ.

"పాఠం ఆపద్దని చెప్పు" అన్నాడు చెన్నకేశవులు గొంతు తగ్గించి.

పోయేముందు ఒకసారి దడి సందులోంచి అరుగు వైపు చూసినాడు. పొద్దు ఎక్కుతోంది. ఆమె నీడ పొట్టిదై అరుగు మీదికి చేరుకుంది. అది కొంచెం పక్కకు జరిగింది. ఇంట్లో అతను వచ్చి కూర్చుంటాడేమోనని భారతమ్మ అరుగు మీద జరిగేది, అచ్చం అలాగే. అతను కూర్చోలేదు. కూర్చోకూడదు. తిరిగి సందులో నడిచినాడు. బస్టాండు దాకా కాళ్ల కింద ఏదో తేలికగా ఉంది, చెప్పులు ఎక్కడో విడిచి వచ్చినట్టు. వంగి చూసుకున్నాడు. చెప్పులు ఉన్నాయి.

ఆ వేపమండలు ఎండి రాలేలోపు యశోద పరీక్షలన్నీ రాసేసింది. అది తర్వాత మాట.

ఆళ్లగడ్డలో దిగేసరికి దీపాల వేళ. నరసమ్మ వాకిట్లోనే కాచుకొని ఉంది.

"బిడ్డేదిరా?"

"అమ్మవారు పోసింది. మండలు కట్టినారు. పది దినాలు కదిలించగూడదు. ఎవరూ పోగూడదు కూడా." గుక్క తిప్పుకోకుండా చెప్పినాడు. ఇరవై ఏళ్ల నాటకంలో ఎప్పుడూ ఇంత బాగా చెప్పలేదు. "ఈమె నీడ బిడ్డకు కాపలా ఉండాది. పొద్దున పూట పక్కింటి గోడమీద పడుతాంది. అంతే."

వంటింట్లో చప్పుడు ఆగిపోయింది.

"ఆ ముక్క చెప్పడానికేమే నీకు?" అని నరసమ్మ వంటింటి వైపు తిరిగింది. "మేమంతా ఏమేమో అనుకుంటిమి గదే!"

"నేను చెప్పనిస్తినా?" అన్నాడు చెన్నకేశవులు.

నరసమ్మ అమ్మవారికి చెంపలు వేసుకొని, దీపం తెచ్చి గూట్లో పెట్టింది. పెట్టి, కొడుకు నిలబడిన చోటి గోడ చూసింది. కింద చూసింది. మళ్లీ గోడ చూసింది.

"రేయ్, నీ నీడ యాడరా?"

భారతమ్మ సంగటి తట్టతో గడపలోకి వచ్చి నిలబడింది. ఆమె కూడా చూసింది.

చెన్నకేశవులు కాళ్ల వైపు చూసుకున్నాడు. "బస్సులో మర్చిపోయినా" అన్నాడు.

"సరిపాయ, మొగుడూ పెండ్లాలూ ఇద్దరూ ఒకటే" అని సణుగుతూ నరసమ్మ లోపలికి పోయింది.

భారతమ్మ తట్ట అరుగు మీద పెట్టింది. ఊరిబిండి పచ్చడి వేసింది. కూర్చోకుండా పక్కనే నిలబడింది.

"నువ్వన్న మాట నాకు గుర్తుంటాది బావా."

"ఉండనీ."

"రొట్టెల మాట."

"తెలుసు."

ఆమె అరుగు రెండో కొసన కూర్చుంది. ఇద్దరి మధ్యా ఇంకో ఇద్దరు పట్టేంత చోటు ఉంది. దీపం వెలుగులో వెనకగోడ మీద చెక్కని రాళ్ల నీడలు మాత్రం పడినాయి.

"తిను. సంగటి చల్లారితే గడ్డకడతాది" అంది.

మర్నాడు పొద్దున చెన్నకేశవులు లేచి కొట్టంలోకి పోయినాడు. రాళ్లు వరసగా నిలబడి ఉన్నాయి. చిన్న సుత్తి చేతిలోకి తీసుకొని, కాసేపు పట్టుకొని, యథాస్థానంలో పెట్టేసినాడు. తొట్టి దగ్గరికి పోయి మొహం కడుక్కున్నాడు.